బోర్లా పడుకున్న మందు

కీళ్లవాతానికి వారంలో ఒక్కరోజే వేసుకోమని డాక్టర్లు మరీ మరీ చెప్పి రాసే మాత్ర మెథోట్రెక్సేట్. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. ఇదే మందును ఇంకా పెద్ద మోతాదులో పిల్లల లుకేమియాకీ మరికొన్ని క్యాన్సర్లకీ ఇస్తారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ లేబొరేటరీస్ పరిశోధనను నడిపించిన రోజుల్లో ఈ మందూ, దీనికి కొంచెం ముందు అమైనోప్టెరిన్ అనే మందూ పుట్టాయి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమైనోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి లుకేమియా తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. రెండు నెలలు తిరిగేసరికి సుబ్బారావు కన్నుమూశారు.

ఆయన గురించి తెలుగులో చాలామందే రాశారు. ఆ మందు ఒంట్లోకి వెళ్లి ఎక్కడ కూర్చుంటుంది, ఎలా కూర్చుంటుంది అన్నది తేల్చినవాళ్ల గురించి మాత్రం మనవాళ్లు మాట్లాడింది తక్కువ. ఆ పని ఎక్కువభాగం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియెగో ప్రాంగణంలో, జోసెఫ్ క్రాట్ ప్రయోగశాలలో జరిగింది. డేవిడ్ మాథ్యూస్ అక్కడ ముందుండి నడిపించిన మనిషి. నా దృష్టిలో క్యాన్సర్ మందుల చరిత్రలో ఇంత నిదానంగా, ఇంత నిజాయితీగా సాగిన పనితనం అరుదు. వాళ్లు బొమ్మ తీసినందుకు కాదు ఈ మాట అంటున్నది. తీసిన బొమ్మ చెబుతున్నట్టు కనిపించిన మాటను వాళ్లు వెంటనే నమ్మలేదు, అందుకు.

ముందు ఆ మందు వెళ్లి కూర్చునే ఎంజైము పని చెప్పుకోవాలి. కణం రెండుగా చీలాలంటే డీఎన్ఏ మొత్తాన్ని ఇంకో ప్రతి రాసుకోవాలి. ఆ రాతకు కావలసిన నాలుగు అక్షరాల్లో ఒకటైన థైమిన్ తయారీకి ఫోలేటు కావాలి. ఆకుకూరల్లో దొరికేదీ, గర్భిణులకు మాత్రగా ఇచ్చేదీ అదే కుటుంబం. థైమిన్ తయారైన ప్రతిసారీ ఫోలేటు తన చేతిలోని కార్బన్‌ను ఇచ్చేసి, దాంతోపాటు రెండు హైడ్రోజన్లనూ పోగొట్టుకుని డైహైడ్రోఫోలేటుగా మిగులుతుంది. ఆ రూపంలో అది మళ్లీ పనికి రాదు. పోయిన రెండు హైడ్రోజన్లనూ తిరిగి పెట్టి టెట్రాహైడ్రోఫోలేటుగా మార్చే ఎంజైమే డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. పేరు పొడుగు కాబట్టి ఇకమీద రిడక్టేజ్ అందాం. అది ఆగితే థైమిన్ ఆగుతుంది, థైమిన్ ఆగితే కణ విభజన ఆగుతుంది. విపరీతంగా చీలిపోతున్న క్యాన్సర్ కణానికి మొదటి దెబ్బ తగులుతుంది. జుట్టుకీ నోటి పొరకీ ఎముక మజ్జకీ కూడా తగులుతుందన్నది ఈ మందు తెచ్చే బాధలో భాగం. మెథోట్రెక్సేట్ ఆపేది ఈ ఎంజైమునేనని మేరీ జేన్ ఆస్బోర్న్, హ్యూనెకెన్స్ తదితరులు 1958లో చూపించారు. అంటే సుబ్బారావు బృందం తయారుచేసిన మందు ఎవరి గొంతు పట్టుకుంటుందో లోకానికి తెలియడానికి దాదాపు పదేళ్లు పట్టింది.

ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్ అణువులను పక్కపక్కన గీసి చూస్తే తేడా కనిపెట్టడానికి కాస్త వెతకాలి. రెండింటికీ ఒక కొసన టెరిడిన్ అనే జంట వలయం, మధ్యలో బెంజీన్ వలయం, రెండో కొసన గ్లుటామిక్ ఆమ్లం. ఫోలిక్ ఆమ్లం టెరిడిన్ మీద నాలుగో స్థానంలో ఆక్సిజన్ ఉంటే మందులో అక్కడ అమైనో గుంపు, అంటే నత్రజనీ దాని రెండు హైడ్రోజన్లూ ఉంటాయి. ఇంకోచోట ఒక మిథైల్ గుంపు అదనం. అంతే. ఇంత చిన్న మార్పుతో మందు ఎంజైముకి అసలు ఆహారం కంటే వేల రెట్లు గట్టిగా ఎందుకు అంటుకుంటుందన్నదే ప్రశ్న.

శాన్ డియెగో బృందం 1977లో సైన్స్ పత్రికలో ఇచ్చిన మొదటి జవాబు ఈ.కోలై బ్యాక్టీరియా రిడక్టేజ్‌ది. 159 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీను. దాన్ని మెథోట్రెక్సేట్‌తో కలిపి స్ఫటికాలుగా పెంచి, ఎక్స్‌రే కిరణాలు పంపి, అవి చెదిరిన తీరును కొలిచి వెనక్కి లెక్కగట్టారు. ఫిల్మ్ మీద పడిన చుక్కల ప్రకాశం తెలుస్తుంది గానీ, ఆ తరంగాల దశ తెలియదు. దాని కోసం బరువైన లోహాల పరమాణువులను స్ఫటికంలోకి పంపి, చుక్కలు ఎంత మారాయో చూసి దశను రాబట్టడం ఆనాటి దారి. 2.5 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో పటం వచ్చింది. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు. ఆ స్పష్టతలో పరమాణువులు విడివిడిగా కనబడవు. గొలుసు వెళ్లే దారి, వలయాల బల్లపరుపు ఆకారం కనిపిస్తాయి. మిగతాదంతా రసాయన శాస్త్రం తెలిసిన కన్ను పూరించుకోవాలి.

కనిపించింది ఇది. ఎనిమిది పోగులు పక్కపక్కన చేరి కొద్దిగా మెలి తిరిగిన ఒక రేకు. వాటిలో ఏడు ఒకే దిక్కుకు నడుస్తాయి, చివరిదొక్కటి ఎదురు దిక్కుకు. రేకుకి ఆ పక్కా ఈ పక్కా నాలుగు మెలికల చుట్లు. ఎంజైము ముఖాన్ని అడ్డంగా కోసినట్టు 15 ఆంగ్‌స్ట్రామ్‌ల లోతున ఒక గాడి. ఆ గాడిలో మెథోట్రెక్సేట్ దిగబడి ఉంది. టెరిడిన్ వలయం అడుగున, నీటిని దగ్గరికి రానివ్వని గోడల మధ్య. బెంజీన్ వలయం దానికి దాదాపు లంబంగా తిరిగి, గ్లుటామేటు కొస బయటివైపుకి. నూనె స్వభావమున్న ఆ గుంట అడుగున ఆవేశం గల అమైనో ఆమ్లం ఒకే ఒక్కటి. 27వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లం. అది తన రెండు ఆక్సిజన్లనూ టెరిడిన్ వైపు చాచి ఉంది.

ఆ తర్వాతి పని చూస్తేనే నాకు వీళ్ల మీద గౌరవం పెరిగింది. 1978లో ఇంకో బ్యాక్టీరియా లాక్టోబాసిల్లస్ కేసీ ఎంజైమును తీసుకున్నారు. ఈసారి మందుతోపాటు ఎన్‌ఏడీపీహెచ్‌ను కూడా చేర్చారు. డైహైడ్రోఫోలేటుకి హైడ్రోజన్ ఇచ్చే దాత అదే. 1982 నాటికి రెండు ఎంజైముల బొమ్మలనూ 1.7 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా సాన పట్టారు. ఆ పనిలో బోలిన్, ఫిల్మన్, హామ్లిన్‌ల పేర్లు కనిపిస్తాయి. హామ్లిన్ భౌతిక శాస్త్రవేత్త న్గుయెన్-హూ సువాంగ్‌తో కలిసి, ఒక్కో చుక్కను విడిగా కొలిచే పాత పరికరాల బదులు ఒకేసారి చాలా చుక్కలను లెక్కపెట్టే బహుతీగల డిటెక్టర్‌ను ప్రొటీన్ల పనికి మలిచినవాడు. ఈ.కోలై స్ఫటికంలో ఒక్కో మూల ప్రమాణానికి రెండు ఎంజైము అణువులుంటాయి. ఒకదానిలో చూసింది రెండోదానిలోనూ ఉందా అని సరిచూసుకునే వీలు వాళ్లకి స్ఫటికమే ఇచ్చింది. బ్యాక్టీరియాలు రెండూ వేరు, స్ఫటికాలు వేరు, ప్రొటీన్ల గొలుసుల్లో చాలాచోట్ల అమైనో ఆమ్లాలు వేరు. అయినా మందు కూర్చున్న తీరు అన్నిట్లోనూ ఒకటే.

ఆ తీరును దగ్గరగా చూద్దాం. టెరిడిన్ మీది రెండో స్థానపు అమైనో గుంపూ, పక్కనే ఉన్న ఒకటో నంబరు నత్రజనీ కలిసి 27వ ఆస్పార్టిక్ ఆమ్లం రెండు ఆక్సిజన్లకీ చెరొకటిగా అందుకుంటాయి. రెండో స్థానపు అమైనో గుంపులో మిగిలిన హైడ్రోజన్ ఒక నీటి అణువు మీదుగా 113వ థ్రియోనిన్‌కి చేరుతుంది. ఈ నీటి అణువు ఇతర జీవుల రిడక్టేజ్‌లలోనూ అదే చోట కనబడుతుంది. ఇక మార్చిన నాలుగో స్థానం. అక్కడి అమైనో గుంపుకి రెండు హైడ్రోజన్లు. ఒకటి ఐదో ఐసోల్యూసిన్ వెన్నులోని ఆక్సిజన్‌కి, ఇంకోటి 94వ ఐసోల్యూసిన్ వెన్నులోని ఆక్సిజన్‌కి. గాడి పైఅంచున గ్లుటామేటు కొసని 57వ ఆర్జినిన్ పట్టుకుంటుంది. మందులో ఊరికే వేలాడే భాగం దాదాపు లేదు.

ఇంతవరకు చూసినవాళ్లు ఎవరైనా ఏమంటారు? ఫోలేటు, మందు కవలల్లా ఉన్నాయి, మందు ఇలా కూర్చుంది కాబట్టి ఫోలేటు కూడా ఇలాగే కూర్చుంటుంది అంటారు. మందు అంటే నకిలీ ఆహారమే కదా అన్నది అప్పటి పాఠం కూడా. కానీ వాళ్ల దగ్గర ఎన్‌ఏడీపీహెచ్ ఉన్న బొమ్మ ఉంది. హైడ్రోజన్ ఏ వైపు నుంచి వస్తుందో అందులో కనబడుతోంది. ఎన్‌ఏడీపీహెచ్‌లోని నికోటినమైడ్ వలయం టెరిడిన్‌కి ఒక ముఖానికే ఎదురుగా ఉంది. హైడ్రోజన్ తన రెండు ఎలక్ట్రాన్లతో సహా, అంటే హైడ్రైడ్‌గా, ఆ ముఖం మీదే ఆరో నంబరు కార్బన్‌ను చేరాలి. చేరితే ఆ కార్బన్ చుట్టూ ఉన్న నాలుగు గుంపుల అమరిక కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో ఏదో ఒకటి స్థిరపడిపోతుంది.

1979లో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో ఫాంటెసిల్లా-కాంప్స్, చార్లెస్ బగ్ తదితరులు సహజమైన టెట్రాహైడ్రోఫోలేటు నుంచి తయారైన పదార్థాన్ని స్ఫటికీకరించి, ఆ ఆరో కార్బన్ అసలు వాటమేమిటో తేల్చారు. ఇంగ్లండ్‌లో మరో బృందం వేరే దారిలో అదే ఫలితానికి చేరింది. ఆ వాటం శాన్ డియెగో బొమ్మకి సరిపోలేదు. మెథోట్రెక్సేట్ పడుకున్నట్టే ఫోలేటు కూడా పడుకుని ఉంటే, పుట్టాల్సింది ఎదురు వాటపు టెట్రాహైడ్రోఫోలేటు. ఒంట్లో పుట్టేది అది కాదు.

చిక్కు విప్పే దారి ఒక్కటే. బొమ్మ తప్పు కాదు, రసాయనం తప్పు కాదు. మందు, ఆహారం ఒకే గుంటలో వేర్వేరుగా పడుకుంటున్నాయి. ఫోలేటు వెల్లకిలా పడుకుంటే మెథోట్రెక్సేట్ బోర్లా పడుకుంది. టెరిడిన్ బల్లపరుపు వలయం, దానికి రెండు ముఖాలు. రెండో స్థానపు అమైనో గుంపు నుంచి ఆరో కార్బన్ దాకా ఒక ఇరుసు ఊహించి, దాని చుట్టూ వలయాన్ని 180 డిగ్రీలు తిప్పితే ఒకటి ఇంకోటవుతుంది. తిప్పినా ఆస్పార్టిక్ ఆమ్లం పట్టు వదలదు. రెండో స్థానపు అమైనో గుంపు ఎప్పటిలాగే దాని పక్కన ఉంటుంది. ఒకటో నత్రజని ఉన్న చోటికి మూడో నత్రజని వస్తుంది. నికోటినమైడ్‌కి ఎదురయ్యే ముఖం మాత్రం మారిపోతుంది. వాటం సరిపోతుంది.

ఎందుకు తిరగబడింది అన్నదానికి జవాబు ఆ ఒక్క మార్పులోనే ఉంది. ఫోలేటులో నాలుగో స్థానం ఆక్సిజన్. అది మందులా బోర్లా పడుకుంటే ఆ ఆక్సిజన్ రెండు ఐసోల్యూసిన్‌ల వెన్నులోని ఆక్సిజన్‌లకి ఎదురుగా వచ్చి కూర్చోవాలి. ఆక్సిజన్‌కి ఆక్సిజన్ ఎదురైతే ఇద్దరి దగ్గరా ఇచ్చే హైడ్రోజన్ లేదు, ఉన్నది వికర్షణ. అదే చోట అమైనో గుంపు ఉంటే ఇవ్వడానికి రెండు హైడ్రోజన్లు సిద్ధం. పైగా ఆ అమైనో గుంపు వల్ల టెరిడిన్ క్షారగుణం పెరుగుతుంది, ఒకటో నత్రజని ఒక ప్రోటాన్‌ను పట్టుకుని ధనావేశంతో ఆస్పార్టేటు ఋణావేశానికి అతుక్కుంటుంది. ఫోలేటులోని ఒకటో నత్రజని అంత తేలిగ్గా ప్రోటాన్‌ను పట్టుకోదు. ఆక్సిజన్ స్థానంలో నత్రజని పెట్టాలన్న లెడర్లీ రసాయన శాస్త్రవేత్తల నిర్ణయం వాళ్లకి తెలియకుండానే మందును తిరగేసింది. ఆ రోజుల్లో వాళ్ల ముందు ఎంజైమూ లేదు, బొమ్మా లేదు.

ఒక ప్రశ్న ఇక్కడ సహజంగా వస్తుంది. అనుమానం ఉంటే నేరుగా డైహైడ్రోఫోలేటునే పెట్టి స్ఫటికం తీయొచ్చుగా? తీయలేరు. ఈ.కోలై రిడక్టేజ్ సెకనుకి పన్నెండు అణువులను మార్చేస్తుంది, స్ఫటికం పెరగడానికి రోజులు కావాలి. దాత, గ్రహీత రెండూ చేరితే కథ స్ఫటికం కట్టకముందే ముగుస్తుంది. మందును పెడితే ఎంజైము చేయి కట్టేసినట్టుంటుంది, అందుకే అది స్ఫటికానికి వీలైంది. అందుకే అది తప్పుదారి కూడా పట్టించగలిగింది. ఆహారం వెల్లకిలా ఉన్న బొమ్మ కోసం ఇంకా ఆగాల్సి వచ్చింది. 1988లో బాసెల్‌లోని హాఫ్‌మన్-లా రోష్ బృందం మనిషి రిడక్టేజ్‌ను ఫోలేటుతో కలిపి చూపించింది. 1990లో క్రాట్ ప్రయోగశాలలోనే బిస్ట్రాఫ్, ఓట్లీ ఈ.కోలై ఎంజైమును ఫోలేటుతో, హైడ్రోజన్ ఇచ్చేసి ఖాళీ అయిన ఎన్‌ఏడీపీతో కలిపి స్ఫటికం తీశారు. దాత చేతులు ఖాళీ కాబట్టి చర్య జరగదు. రెండు బొమ్మల్లోనూ టెరిడిన్ మెథోట్రెక్సేట్‌కి తిరగబడే ఉంది. పదేళ్ల ముందు లెక్కతో తేల్చిన మాట కంటికి కనిపించింది.

బొమ్మ తీసేవాళ్లు బొమ్మ దగ్గరే ఆగిపోతారని ఒక చిన్నచూపు ఉండేది. క్రాట్ ప్రయోగశాల ఆ మాట పడలేదు. 1983లోనే, జన్యువులో కోరుకున్న అక్షరాన్ని మార్చే పద్ధతి ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, విల్లాఫ్రాంకా, హవెల్ తదితరులు 27వ ఆస్పార్టిక్ ఆమ్లాన్ని ఆస్పరజిన్‌గా మార్చారు. ఆకారంలో దాదాపు తేడా లేదు, ఆవేశం మాత్రం పోయింది. ఎంజైము శక్తి దారుణంగా పడిపోయింది. అయితే 1986 నాటి లోతైన కొలతల్లో ద్రావణాన్ని ఆమ్లంగా మారుస్తూ పోతే ఆ కుంటి ఎంజైముకి మళ్లీ కొంత ఊపిరి వచ్చింది. అంటే డైహైడ్రోఫోలేటు బయటే ప్రోటాన్‌ను ఎక్కించుకుని వస్తే మారిన ఎంజైము కూడా పని చేయగలదు. మామూలుగా ఆ ప్రోటాన్ అందేలా చూసేది 27వ ఆస్పార్టేటే అన్నమాట. మార్చిన ఎంజైములకీ స్ఫటికాలు తీసి, గుంట చెక్కుచెదరలేదని నిర్ధారించుకుని మరీ ఈ మాట అన్నారు. ఈ చివరి జాగ్రత్తని వదిలేసే పత్రాలు ఇప్పటికీ వస్తుంటాయి.

ఎక్స్‌రేలకి హైడ్రోజన్ దాదాపు కనబడదు. దానికి ఉన్నది ఒకే ఎలక్ట్రాన్. అందుకని మందు ఒకటో నత్రజని మీద ప్రోటాన్ ఉందన్నది చాలాకాలం చుట్టుపక్కల సాక్ష్యాల మీద ఆధారపడిన మాట. 1981లో రేమండ్ బ్లేక్లీ బృందం రెండో కార్బన్‌కి ప్రత్యేక గుర్తు పెట్టి ఎన్ఎంఆర్‌తో అది నిజమని గట్టిగా చూపింది. 2006లో న్యూట్రాన్ కిరణాలతో ఈ.కోలై రిడక్టేజ్-మెథోట్రెక్సేట్ స్ఫటికాన్నే చూశారు. న్యూట్రాన్లకి హైడ్రోజన్ కేంద్రకం, అందులోనూ దాని బరువైన రూపం డ్యుటీరియం, బాగా కనబడుతుంది. ప్రోటాన్ అక్కడే ఉంది.

క్యాన్సర్ కణం ఊరికే కూర్చోదు. 1978లో స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ షిమ్కీ బృందం, మోతాదు కొద్దికొద్దిగా పెంచుతూ మెథోట్రెక్సేట్‌కి అలవాటు చేసిన ఎలుక కణాల్లో రిడక్టేజ్ జన్యువు ప్రతులు దాదాపు 200 రెట్లు పెరగడం చూసింది. మందు ఎంత గట్టిగా పట్టుకున్నా, పట్టుకోవాల్సిన చేతులు అన్ని ఉంటే ఏం చేస్తుంది? ఇంకో దారిలో ఎంజైమే మారుతుంది. ఎలుక కణాల్లో 22వ స్థానంలోని ల్యూసిన్ ఆర్జినిన్‌గా మారిన రిడక్టేజ్ బయటపడింది. ఆ ల్యూసిన్ టెరిడిన్ కూర్చునే గుంట గోడలో భాగం. అక్కడ ఆవేశం గల పొడుగాటి ఆర్జినిన్ వస్తే మందుకి చోటు సరిపోదు, ఎంజైము మాత్రం కుంటుతూనైనా తన పని తాను చేసుకుపోతుంది. బొమ్మ చేతిలో ఉన్నవాళ్లకి ఇది చదవగానే అర్థమవుతుంది.

జన్యువుల కట్టడి వైపు ఇంకో సంగతి ఉంది. నాకు ఇది వినగానే ముచ్చటేసింది. 1993లో ఎడ్వర్డ్ చూ, కార్మెన్ అలెగ్రా తదితరులు మనిషి రిడక్టేజ్ తనను తయారుచేయించే ఆర్ఎన్ఏనే తాను పట్టుకుంటుందని చూపించారు. పట్టుకుంటే ఆ ఆర్ఎన్ఏ నుంచి కొత్త రిడక్టేజ్ తయారవడం తగ్గుతుంది. ఎంజైము తన సంఖ్యని తానే అదుపులో పెట్టుకుంటుందన్నమాట. గుంటలోకి మెథోట్రెక్సేట్ చేరితే ఆ పట్టు సడలుతుంది, ఇంకా ఎక్కువ రిడక్టేజ్ తయారవుతుంది. మందు వేసిన కొద్ది గంటల్లోనే కణంలో ఎంజైము పెరగడానికి ఇదొక కారణం, జన్యువు ప్రతులు పెరిగేదాకా ఆగనక్కర్లేదు. డాక్టర్లు మోతాదు, మందు ఇచ్చే విరామాలు లెక్కవేసేటప్పుడు ఎదుర్కొనే ప్రత్యర్థి ఇలాంటిది.

క్రాట్ ప్రయోగశాల తీసిన ఆ స్ఫటికాల కొలతలు ప్రొటీన్ డేటా బ్యాంకులో ఉన్నాయి, కంప్యూటరున్న ఎవరైనా డబ్బు కట్టకుండా తెరవచ్చు. ఈ.కోలై రిడక్టేజ్-మెథోట్రెక్సేట్ ఫైలు పేరు 4డీఎఫ్ఆర్. లాక్టోబాసిల్లస్‌ది 3డీఎఫ్ఆర్. కొత్త మందులు వెతకడానికి, ఒక అణువు ఒక ప్రొటీను గుంటలో ఎలా కూర్చుంటుందో లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లు చాలాకాలంగా 4డీఎఫ్ఆర్‌ను పరీక్ష పేపరుగా వాడుతున్నారు. మెథోట్రెక్సేట్‌ను గుంటలోంచి బయటికి తీసేసి, ఎంజైమునీ మందునీ విడివిడిగా ఇచ్చి, తిరిగి పెట్టమంటారు. వలయాన్ని ఫోలేటులా వెల్లకిలా పెట్టిన ప్రోగ్రాము ఆ పరీక్షలో తప్పినట్టే.